సంచలన పత్రికలైన టాబ్లాయిడ్లు ఎవరి జీవితాన్ని అమ్ముకున్నాయో ఆ మనిషి చనిపోతే పెద్ద పత్రిక ఏం రాయాలి?

నన్ను అడిగిన ప్రశ్న సారాంశం ఇది. రియాలిటీ షోలు, పెళ్లిళ్లు, కోర్టు గొడవలు తప్ప చెప్పుకోదగ్గ పని ఏదీ చేయలేదని అందరూ అనుకునే వ్యక్తి చనిపోయినప్పుడు గార్డియన్, ఎకానమిస్ట్ వంటి బ్రిటన్‌లోని గంభీరమైన పత్రికలు పూర్తి నిడివి సంస్మరణ వ్యాసం ఎందుకు రాస్తాయి? శాస్త్రవేత్తలకో కవులకో దక్కాల్సిన చోటును వారికి ఇవ్వడం అమ్మకాల కోసం దిగజారడం కాదా?

తెలుగు దినపత్రికల డెస్కుల్లో చాలాకాలం పనిచేశాను. మరణవార్తలు రాయడం, రాయించడం, దిద్దడం నా ఉద్యోగంలో పెద్ద భాగం. నా సమాధానం: తప్పకుండా రాయాలి. మామూలు ప్రముఖుల కంటే ఇలాంటివారి విషయంలోనే పెద్ద పత్రిక బాధ్యత ఎక్కువ. వారి గురించి అప్పటికే వేల పేజీలు అచ్చయి ఉంటాయి. ఎక్కడ పుట్టారు, ఏం చదివారు, ఎవరు పెంచారు, ఎంత సంపాదించారు, ఆ డబ్బు ఎవరికి పోయింది అని వెతికితే మాత్రం చేతికి చిక్కేది చాలా తక్కువ.

మనకు ఈ ప్రశ్న రావడానికి సగం కారణం మన పత్రికల అలవాటు. తెలుగులో ప్రముఖులు చనిపోతే వచ్చేది నివాళి. "తుదిశ్వాస విడిచారు" అని మొదలై, "తీరని లోటు" మీదుగా సాగి, ముఖ్యమంత్రి నుంచి స్థానిక ఎమ్మెల్యే దాకా సంతాపం తెలిపినవారి జాబితాతో ముగుస్తుంది. రాత్రి పది దాటాక డెస్కులో పరిస్థితి ఎలా ఉంటుందో తెలిసినవారికి తెలుసు. పార్టీ కార్యాలయాల నుంచి, సంఘాల నుంచి సంతాప ప్రకటనలు వస్తూనే ఉంటాయి. ఏ పేరు వదిలేస్తే పొద్దున్నే ఎవరు ఫోను చేస్తారో లెక్క వేసుకుంటూ సబ్ఎడిటరు వాటిని పేరుస్తాడు. పోయిన మనిషి ఏ ఊళ్లో పుట్టాడు, ఏ పని చేసి బతికాడు, ఎవరితో తగాదా పడ్డాడు అన్నవి చివరి పేరాలోకి జరుగుతాయి. వాణిజ్య ప్రకటన పెరిగి చోటు తగ్గితే మొదట కోత పడేది ఆ పేరాకే. ఇలాంటి పేజీలు చదువుతూ పెరిగినవారికి మరణానంతర వ్యాసం అంటే సన్మానపత్రమనే అనిపిస్తుంది. సన్మానం అనుకున్నాక "ఈ మనిషికా?" అన్న ప్రశ్న రాక మానదు.

బ్రిటన్‌లో ఆ పేజీ పని వేరు. అక్కడ అది ఒక జీవితపు లెక్క చెప్పే చోటు. 1986లో డైలీ టెలిగ్రాఫ్‌లో సంస్మరణల పేజీ బాధ్యత తీసుకున్న హ్యూ మాసింగ్‌బర్డ్ ఆ పేజీని పూర్తిగా మార్చేశాడు. పదవులు, పతకాల జాబితా స్థానంలో మనిషి స్వభావాన్ని పట్టిచ్చే కథనం తెచ్చాడు. 1991లో మూడవ లార్డ్ మొయినిహాన్ మనీలాలో చనిపోయినప్పుడు టెలిగ్రాఫ్ ఏం రాసిందో చూడండి. అతని ముఖ్య వ్యాపకాలు బోంగో డ్రమ్ములు వాయించడం, మోసాలు చేయడం, వ్యభిచార గృహాలు నడపడం, మాదకద్రవ్యాల దొంగరవాణా, పోలీసులకు వేగు పని అని వరుసగా పేర్కొంది. వంశపారంపర్య హక్కును విమర్శించేవారికి అతని జీవితం కావలసినంత మందుగుండు అందించిందనీ రాసింది. సంప్రదాయవాదుల పత్రిక ఒక ప్రభువు గురించి రాసిన మాటలివి. ఆ వ్యాసాన్ని ఇప్పటికీ ఈ పనిలో ఉన్నవారు ఒకరికొకరు చూపించుకుంటారు.

ఇక్కడే నాకు ప్రశ్న అడిగినవారితో తేడా వస్తుంది. తాగుబోతు దొరలకూ, జూదంలో ఎస్టేట్లు పోగొట్టుకున్న కల్నళ్లకూ ఆ పేజీలో ఎప్పుడూ చోటు ఉంది. వారు సాధించిందేమిటని ఎవరూ అడగలేదు. దక్షిణ లండన్‌లో పేదరికంలో పుట్టిన ఒక దంతవైద్యశాల సహాయకురాలి దగ్గరికి వచ్చేసరికి అర్హత ప్రశ్న మొదలైంది. దీని వెనుక ఉన్నది విలువల పట్ల పట్టింపు అని నేను నమ్మను. ఎక్కువగా ఉన్నది వర్గ భేదం.

ఆ సహాయకురాలు జేడ్ గుడీ. ఈ చర్చకు ఆమెను మించిన ఉదాహరణ లేదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

1981 జూన్ 5న లండన్‌లోని బెర్మండ్సీలో పుట్టింది. తండ్రి హెరాయిన్‌కు బానిస, జైలుకు వెళ్లి వస్తుండేవాడు. మోటారు సైకిల్ ప్రమాదంలో తల్లికి ఒక చేయి పనిచేయకుండా పోయింది. చిన్నతనంలోనే తల్లిని చూసుకోవాల్సిన భారం ఈ పిల్ల మీద పడింది. 2002లో మన బిగ్ బాస్ లాంటి బ్రిటన్ షో బిగ్ బ్రదర్ మూడో సీజన్‌లోకి వెళ్లి నాలుగో స్థానంలో నిలిచింది. తమ దేశంలోని ఈస్ట్ ఆంగ్లియా ప్రాంతం విదేశంలో ఉందనుకుంది. ఆ అజ్ఞానం దేశానికంతటికీ నవ్వులాట అయింది. టాబ్లాయిడ్లు ఆమెను పందితో పోల్చి, ఓటు వేసి బయటికి పంపండని పాఠకులను రెచ్చగొట్టాయి. ఆమె బయటికి వచ్చాక, ఆమె ముఖం ఉంటే ప్రతులు అమ్ముడవుతున్నాయని తెలిసి అవే పత్రికలు ముద్దు చేశాయి. ఇంటర్వ్యూలు, ఆత్మకథ, వ్యాయామం వీడియోలు, ఆమె పేరుతో ఒక సెంటు వరసగా వచ్చాయి.

2007 జనవరిలో సెలెబ్రిటీ బిగ్ బ్రదర్ ఇంట్లో శిల్పా శెట్టితో జరిగిన గొడవ మన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. "సాహసవీరుడు సాగరకన్య" నాయికగా తెలుగువారికి అప్పటికే తెలిసిన శిల్పను జేడ్, మరో ఇద్దరు స్త్రీలు అవహేళన చేశారు. జేడ్ ఆమెను అప్పడంతో ముడిపెట్టి పిలిచింది. బ్రిటన్ ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్‌కు 44 వేలకు పైగా ఫిర్యాదులు వెళ్లాయి. అప్పుడు ఆర్థికమంత్రిగా ఉన్న గోర్డన్ బ్రౌన్ సరిగ్గా భారత పర్యటనలో ఉండి దీనికి సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. కార్యక్రమానికి ప్రాయోజకులు తప్పుకున్నారు. జేడ్ పేరుతో ఉన్న సెంటును దుకాణాలు అరల నుంచి తీసేశాయి.

మరుసటి ఏడాది ఆగస్టులో ఆమె మన దేశానికే వచ్చింది. శిల్ప నిర్వహిస్తున్న హిందీ బిగ్ బాస్ రెండో సీజన్‌లో చేరింది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే, కెమెరాల మధ్య ఉండగానే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఉందన్న కబురు లండన్ నుంచి ఫోనులో అందింది. వెంటనే తిరిగి వెళ్లిపోయింది. 2009 ఫిబ్రవరిలో ఇక బతకదని తేలింది. మిగిలిన వారాలను ఆమె బహిరంగంగానే అమ్మింది. ఫిబ్రవరి 22న జరిగిన పెళ్లి ఫోటోల హక్కులు ఒక వారపత్రికకు భారీ మొత్తానికి వెళ్లాయి. ఇద్దరు చిన్న కొడుకుల చదువుకు, భవిష్యత్తుకు డబ్బు కావాలి, అందుకే చేస్తున్నానని దాపరికం లేకుండా చెప్పింది. సరిగ్గా నెల రోజులకు, మార్చి 22న, 27 ఏళ్ల వయసులో చనిపోయింది. ఆ రోజు బ్రిటన్‌లో మాతృదినోత్సవం.

ఆ మరణానికి కొన్ని రోజుల ముందు జరిగిన సంగతి నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. సెలెబ్రిటీల వారపత్రిక ఓకే ఆమె మీద ప్రత్యేక సంచిక తెచ్చింది. ముఖచిత్రం మీద "1981–2009" అని పుట్టుక, మరణం సంవత్సరాలు అచ్చు వేసింది. సంచిక దుకాణాల్లోకి వచ్చే సమయానికి ఆమె బతికే ఉంది. పెద్ద పత్రికలూ సంస్మరణలు ముందే రాసి పెట్టుకుంటాయి. న్యూయార్క్ టైమ్స్‌లో ఎలిజబెత్ టేలర్ సంస్మరణ రాసిన మెల్ గస్సో 2005లోనే మరణించాడు, టేలర్ 2011లో పోయారు. ముందుగా రాయడంలో తప్పు లేదు. ఓకే పత్రిక చేసింది మనిషి బతికుండగానే ఆ మరణాన్ని అమ్మకానికి పెట్టడం. గంభీరమైన పత్రిక రాసే సంస్మరణలో ఈ సంఘటన తప్పకుండా ఉండాలి. ఆ జీవితంలో పత్రికలు పోషించిన పాత్రకు ఇంతకంటే సూటి సాక్ష్యం దొరకదు.

గార్డియన్, టెలిగ్రాఫ్ వంటి పత్రికలు ఆమెకు సంస్మరణలు రాశాయి. దానికి ఎదురు వాదన కూడా బలంగా వచ్చింది. టీవీలో ఇంటర్వ్యూలకు పేరుపొందిన మైకేల్ పార్కిన్సన్ కొద్ది వారాలకే ఒక వ్యాసంలో ఆమెను నేటి బ్రిటన్‌లోని అల్పత్వానికి, దైన్యానికి ప్రతినిధిగా వర్ణించాడు. చదువు లేని, అజ్ఞాని, పిల్లచేష్టల మనిషి అన్నాడు. ఆ మాటలే అందరికీ గుర్తుండిపోయాయి. అదే వ్యాసంలో ఆయన మరో మాట కూడా అన్నాడు: చనిపోయే రోజు దాకా మీడియా ఆమెను తన సొత్తుగా వాడుకుందని. నాకు ఆ రెండో మాట ముఖ్యం. ఒక మనిషిని ఏడేళ్లపాటు ఒక పరిశ్రమ వాడుకుందంటే అది పత్రిక చెప్పాల్సిన వార్త. దాన్ని చెప్పడానికి సంస్మరణ పేజీ కంటే సరైన చోటు ఏది?

ఆమె జీవితం వల్ల జరిగిన మేలు కూడా లెక్కలోకి రావాలి. ఆమె వ్యాధి బయటపడిన 2008 మధ్య నుంచి 2009 మధ్య వరకు ఇంగ్లండ్‌లో గర్భాశయ ముఖద్వార పరీక్షలకు మామూలు కంటే 4 లక్షల మందికి పైగా అదనంగా హాజరయ్యారని తర్వాత జరిగిన పరిశోధన తేల్చింది. పరీక్షలు మొదలుపెట్టే వయసును 25 నుంచి తగ్గించాలా అని ప్రభుత్వం సమీక్ష జరిపి, చివరికి 25నే కొనసాగించింది. తర్వాతి ఏళ్లలో ఆ ఊపు తగ్గింది. భారతీయ మహిళల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్లలో ఇది రెండోది. మన దగ్గర ఈ పరీక్ష గురించి ఇంట్లో మాట్లాడుకోవడానికే సంకోచిస్తారు. ఒక ఆరోగ్యశాఖ ఏళ్ల తరబడి ప్రచారం చేసినా రాని కదలిక ఒక "పనికిమాలిన" సెలెబ్రిటీ వల్ల వచ్చినప్పుడు, ఆమె ఏమీ సాధించలేదన్న మాట ఎలా నిలుస్తుంది?

అలాగని 2007 నాటి మాటలను తుడిచేయకూడదు. మంచి సంస్మరణలో ఆ ఇల్లు, ఆ అవహేళన, ఆ తర్వాతి క్షమాపణ, ఈ 4 లక్షల మంది, అన్నీ ఒకే పేజీలో పక్కపక్కనే ఉంటాయి. ఒకదానితో మరొకటి చెల్లు అని పత్రిక చెప్పదు. తీర్పు పాఠకుడు చేసుకుంటాడు.

అమెరికాలో ఇదే ప్రశ్న రెండేళ్ల ముందు, 2007 ఫిబ్రవరి 8న, అన్నా నికోల్ స్మిత్ ఫ్లోరిడాలో 39వ ఏట చనిపోయినప్పుడు వచ్చింది. అసలు పేరు విక్కీ లిన్ హోగన్. టెక్సస్‌లోని మెహియా అనే చిన్న ఊళ్లో వేయించిన కోడిమాంసం అమ్మే దుకాణంలో పనిచేసింది. ప్లేబాయ్ మోడల్ అయింది. 26 ఏళ్లప్పుడు 89 ఏళ్ల చమురు కుబేరుడు జె. హోవర్డ్ మార్షల్‌ను పెళ్లాడింది. ఏడాది పైచిలుకు కాలంలోనే ఆయన పోయాడు. టాబ్లాయిడ్లకు అంతవరకే కావాలి. ఎకానమిస్ట్ మాత్రం తన చివరి పేజీని, వారానికి ఒక్కరికే దక్కే ఆ పేజీని, ఆమెకు కేటాయించింది. అది తప్పుడు ఎంపిక కాదు. ఆ ఆస్తి తగాదా అమెరికా సుప్రీంకోర్టుకు రెండుసార్లు వెళ్లింది. 2006లో ఆమెకు అనుకూలంగా తీర్పు వచ్చింది. ఆమె పోయాక, 2011లో, దివాలా కోర్టుల అధికార పరిమితుల మీద 5–4 తేడాతో మరో తీర్పు వచ్చింది. ఆ తీర్పును అక్కడి న్యాయ విద్యార్థులు ఇప్పటికీ చదువుకోవాల్సిందే. అదే 2007లో ఎకానమిస్ట్ అలెక్స్ అనే చిలుకకు కూడా ఆ పేజీలో సంస్మరణ రాసింది. మాటలు, లెక్కలు నేర్చిన ఆ చిలుక పక్షుల తెలివి గురించి శాస్త్రవేత్తల అంచనాలను మార్చింది కాబట్టి దాని చోటు దానికి న్యాయమే. చిలుకకు ఉన్న అర్హత ఆ స్త్రీకి లేదనగలమా?

రాసే పద్ధతి గురించి ఒక మాట. బ్రిటిష్ సంస్మరణల్లో గుట్టుగా చెప్పే అలవాటు ఒకటి ఉంది. తాగుబోతును "సందడిగా ఉండే మనిషి" అంటారు, నోటి దురుసు ఉన్నవాడిని "మూర్ఖులను సహించడు" అంటారు. తెలిసిన పాఠకుడికి అర్థమవుతుంది. దొరల విషయంలో పాఠకుడికి తెలియని గుట్టును పత్రిక ఇలా సూచనగా విప్పేది. టాబ్లాయిడ్ వ్యక్తి విషయంలో పని తలకిందులవుతుంది. గుట్టంతా అప్పటికే రట్టయి ఉంటుంది, పాఠకుడు తనకు అన్నీ తెలుసనుకుంటాడు. అతనికి తెలియనివి మామూలు విషయాలే: ఏ బడి, మొదటి జీతం ఎంత, ఎవరు చేరదీశారు, ఒప్పందం మీద సంతకం చేసినప్పుడు వయసెంత, పక్కన వకీలు ఉన్నాడా. ఇక్కడ చమత్కారపు సూచనలు పనికిరావు. పొడి వాస్తవాలే కొత్త సంగతులు. టాబ్లాయిడ్ శీర్షికను ఎత్తి రాయాల్సి వస్తే అది ఏ పత్రికది, ఏ తేదీది అని చెప్పి రాయాలి. లేకపోతే వారి వెక్కిరింత మన గొంతుతో మళ్లీ వినిపిస్తుంది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. ఇంగ్లండ్‌లో చనిపోయినవారికి పరువునష్టం వర్తించదు, అందుకే అక్కడి పత్రికలు మర్నాడే నిర్మొహమాటంగా రాయగలవు. మన దగ్గర భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ మొదటి వివరణ ప్రకారం, బతికుంటే పరువుకు భంగం కలిగించేలాంటి ఆరోపణను కుటుంబీకుల మనసు నొప్పించే ఉద్దేశంతో చేస్తే, చనిపోయినవారి విషయంలోనూ అది నేరం కావచ్చు. పాత శిక్షాస్మృతి 499లోనూ ఇదే ఉండేది. దీన్ని సాకుగా తీసుకుని మన డెస్కులు పొగడ్తలోకి పారిపోతాయి. ఆధారం ఉన్న వాస్తవాన్ని సద్భావంతో రాసేవారికి ఇది అడ్డంకి కాదు.

తెలుగులో ఈ పని జరగనందుకు మనం ఏం కోల్పోయామో సిల్క్ స్మితను తలచుకుంటే తెలుస్తుంది. 1960లో ఏలూరు దగ్గర కొవ్వలిలో పుట్టింది, అసలు పేరు విజయలక్ష్మి. బడి చదువు నాలుగో తరగతితో ఆగింది. 1980లో వచ్చిన తమిళ చిత్రం "వండిచక్కరం"లోని పాత్ర పేరు సిల్క్. ఆ పేరే జీవితాంతం అంటుకుంది. దక్షిణాది భాషల్లో వందల సినిమాల్లో ఆమె పాట ఉంటేనే పంపిణీదారులు కొనే రోజులు నడిచాయి. భారతీరాజా "సీతాకోకచిలుక"లో శరత్‌బాబు భార్యగా ఆమె చేసిన పాత్ర చూడండి, నటి కావాలన్న కోరికా, అందుకు తగిన శక్తీ రెండూ కనిపిస్తాయి. 1996 సెప్టెంబరు 23న చెన్నైలో 35 ఏళ్ల వయసులో చనిపోయింది. పోలీసులు ఆత్మహత్యగా తేల్చారు. మన సినిమా వారపత్రికలు ఆమె బొమ్మలను నడిపేజీల్లో ఏళ్ల తరబడి అమ్ముకున్నాయి. ఆమె ఆదాయం ఎక్కడికి పోయింది, నిర్మాతగా మారాలన్న ప్రయత్నం ఎలా దెబ్బతీసింది, కొవ్వలి నుంచి మద్రాసు దాకా ఆ పిల్ల ఎలా వెళ్లింది అన్నవాటిని తోటి నటులను, సాంకేతిక నిపుణులను, ఊరివారిని అడిగి తెలుసుకోగల సమయం అప్పుడు ఉంది. ఈ తరానికి ఆమె తెలిసింది 2011లో వచ్చిన ఒక హిందీ సినిమా ద్వారా. వాస్తవాల రికార్డు బలహీనంగా ఉంటే కల్పనే చరిత్రగా చలామణీ అవుతుంది.

2018 ఫిబ్రవరిలో శ్రీదేవి దుబాయిలో మరణించినప్పుడు టీవీ చానళ్లు ఎంతకు తెగించాయో అందరం చూశాం. స్నానపు తొట్టెలు తెరకెక్కాయి. ఒక తెలుగు చానల్ విలేకరి స్వయంగా తొట్టెలో పడుకుని చూపించాడు. దుబాయి అధికారులు ప్రమాదవశాత్తు నీట మునిగిన మరణమని తేల్చి మూడు రోజుల్లో కేసు ముగించారు. యాభై ఏళ్ల నటజీవితం ఆ మూడు రోజులూ ఒక తొట్టెలో ఇరుక్కుపోయింది. పెద్ద పత్రిక తప్పుకుంటే ఖాళీని నింపేది ఇదే.

ఒక అభ్యంతరంలో మాత్రం పస ఉంది. క్లిక్కుల కోసం రాసి, పైకి గంభీరత పూసే పత్రికలు ఉన్నాయి. వాటిని గుర్తించడం కష్టం కాదు. వ్యాసంలో ఫోటోలు ఎన్ని, వాస్తవాలు ఎన్ని అని చూడండి. మరణాన్ని ధ్రువీకరించింది ఎవరో చెప్పారా? న్యూయార్క్ టైమ్స్ సంస్మరణల్లో మొదటి పేరాల్లోనే అది ఉంటుంది. కారణం చెప్పారా, తెలియకపోతే తెలియదన్నారా? ఆత్మహత్య అయితే పద్ధతిని వర్ణించకుండా ఆగారా? ప్రెస్ కౌన్సిల్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు అదే చెబుతున్నాయి. ఆ మనిషి వల్ల డబ్బు చేసుకున్నవారి పేర్లు ఉన్నాయా? తమ పత్రిక కూడా అందులో ఉంటే ఆ మాట రాసుకున్నారా? ఈ చివరి ప్రశ్న దగ్గర చాలా పత్రికలు తడబడతాయి.

డెస్కుల్లో ఉన్న కుర్రవాళ్లకు నేను చెప్పేది ఒకటుంది. ఇప్పుడు తెలుగులో బిగ్ బాస్ పోటీదారులు, యూట్యూబ్‌లో, రీల్స్‌లో వెలుగుతున్నవారు వందల్లో ఉన్నారు. వారిలో ఐదారుగురి పేరుతో ఈ రోజే ఒక్కో ఫైలు తెరవండి. పుట్టిన ఊరు, తల్లిదండ్రుల వృత్తి, చదివిన బడి, మొదటి ఒప్పందం, కోర్టు కాగితాలు ఉంటే వాటి నకళ్లు అందులో పెట్టండి. వీలైతే బతికుండగానే వారిని కలిసి, మీ గురించి ఎవరూ అడగనిది ఏమిటని అడగండి. న్యూయార్క్ టైమ్స్ కొందరు ప్రముఖులతో మరణానంతరం వాడుకునేందుకే ముందుగా మాట్లాడి పెట్టుకుంటుంది. మన దగ్గర అశుభమంటారనే భయం ఉంది కాబట్టి, జీవిత కథ రాసుకుంటున్నామని చెప్పండి. అది అబద్ధం కాదు. చాలామంది గంటల తరబడి మాట్లాడతారు. వారు చెప్పిన తేదీలను మాత్రం బడి రికార్డులతో, ఊరివారితో సరిచూడండి, ఎందుకంటే సినిమా, టీవీ మనుషులు వయసు దగ్గరే మొదటి సవరణ చేసుకుంటారు.